చెప్పుల పక్కన పదకొండో పీట

సముద్రం ఏ దిక్కునుందో ఎరగని ఒకానొక రాజ్యంలో ఉద్దండభూపతి అనే రాజుండేవాడు. నోరు అదుపులో లేని మగాడికి కిరీటం పెడితే ఏమవుతుంది? అదే అయింది. సముద్రతీరపు పొరుగురాజును ఓనాడు "రొయ్యమీసాలవాడు" అన్నాడు. మర్నాటికల్లా అటునుంచి ఉప్పు బండ్లు ఆగిపోయాయి. రాజ్యమంతా చప్పిడి పప్పే.

"మాట జారింది తమరు. చప్పిడి మింగేది మేమా?" అని నిండు కొలువులో అడిగేసింది పేరిందేవి. చమత్కారానికి ఆ కొలువులో ఆమె పెట్టింది పేరు.

రాజుకు ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే సోమపీథి అనే పండితుడు వచ్చి పరమాణువు గుట్టు విప్పాడు.

"నడుమ కేంద్రకం, ప్రభూ. చుట్టూ కక్ష్యల్లో ఎలక్ట్రాన్లు. మొదటి కక్ష్యలో రెండే పడతాయి, రెండోదాంట్లో ఎనిమిది. ఆపైన మిగిలింది మూడోదాంట్లోకి పోవాల్సిందే."

"అంటే నడుమ నేను!" రాజు మీసం దువ్వి, పీటలన్నీ ఆ లెక్కనే వేయించాడు.

కొలువులో ఉన్నది పదకొండుమంది. మంత్రి, సేనాపతి మొదటి వరసలో కూర్చున్నారు. ఎనిమిదిమంది భజనపరులు రెండో వరసలో. పేరిందేవి పీట గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన పడింది.

"ఇది కక్ష్యా ప్రభూ, కక్షా?"

"రెండూనూ! ఆ మూల కూర్చుని నాకు పనికొచ్చేది ఒక్కటి చేసి చూపించు. లేకపోతే వచ్చే సంతనాటికి కొలువు ఖాళీ చెయ్."

పేరిందేవి పండితుణ్ణి వాకిట్లో పట్టుకుంది. "చివర ఒంటరిగా మిగిలినదాని గతేమిటండీ?"

"దానిమీద కేంద్రకానికి పట్టు తక్కువమ్మా. చివరి కక్ష్యలో ఏడే ఉండి, ఎనిమిదోదాని కోసం తపించే పరమాణువు ఎదురైతే అటు దూకేస్తుంది."

"ఈ పాఠం ఇంకెక్కడైనా చెప్పారా?"

"పొరుగురాజుగారికి చెప్పే ఈ శాలువా కప్పించుకున్నా. పాపం, ఆయన కొలువులో పదిహేడుమందే. చివరి వరసలో ఏడుగురే, ఎనిమిదో పీట ఖాళీ. అది చూసుకుని ఆయనకు నిద్ర పట్టడం లేదు."

సంతనాడు కోట ముందు ఉప్పు బండ్లు బారులు తీరాయి. ముందు బండిలో పేరిందేవి!

"ఎక్కడికి పోయావ్?" గర్జించాడు రాజు.

"పొరుగురాజుగారి ఎనిమిదో పీట మీదికి. వరస నిండిన సంబరంలో ఆయన బండ్లు వదిలేశారు."

"ద్రోహం!"

"శాస్త్రం! పదకొండు ఎలక్ట్రాన్లదీ పదిహేడు ఎలక్ట్రాన్లదీ కలిస్తే ఏమవుతుందో మీ పండితుణ్ణే అడగండి."

ఇంకా రాజుగారి విందులు వదలని సోమపీథి వేళ్ళు మడిచి లెక్కగట్టాడు. "సోడియం, క్లోరిన్... ఉప్పే అవుతుంది ప్రభూ."

రాజు చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకున్నాడు. కోపం కాస్తా కరిగిపోయింది.

"మొదటి వరసలోకి రా, పేరిందేవీ!"

"వద్దు ప్రభూ. అక్కడ కూర్చున్నవాళ్ళకు కదలడానికుండదు. నేనటు జరిగితే మీ పప్పు మళ్ళీ చప్పిడే. అన్నట్టు, పొరుగురాజుగారు తమకు ఈ బుట్ట ఇమ్మన్నారు."

మూత తీస్తే బుట్టనిండా ఎండురొయ్యలు.

"మీసాలు చూసుకుని మరీ తినమన్నారు."

రాజు ఒక రొయ్యను తోకపట్టి పైకెత్తి చూశాడు, తన మీసం తడుముకున్నాడు, పగలబడి నవ్వాడు. చేతి కంకణం తీసి పేరిందేవికిచ్చాడు. గుమ్మం దగ్గరి చెప్పులన్నిటినీ మంత్రిగారి పీట పక్కకు మార్పించాడు.