సన్నరెక్కకు దొరికిన పిల్ల

అనగనగా, కనుచూపు ఆననంత పెద్ద గడ్డిబయలు. అందులో ఒక తుమ్మచెట్టు తొర్రలో చిరుగబ్బిలాల గుంపు కాపురముండేది. పిడికిట్లో ఇమిడే ప్రాణులు. వాటిలో సన్నరెక్క అనే తల్లికి ఒక్కగానొక్క పిల్ల. పేరు నల్లపూస.

ఒక వేసవి సందెవేళ సన్నరెక్క పురుగుల వేటకు వెళ్ళింది. ఇంతలో గడ్డికి నిప్పంటుకుంది. పొగలో ఎవరికి అందిన పిల్లను వారు పట్టుకుని చెల్లాచెదురయ్యారు. సన్నరెక్క తిరిగొచ్చేసరికి చెట్టు బొగ్గయింది. పిల్ల లేదు.

"నల్లపూసా! నా తల్లీ!" అని రాత్రంతా బూడిద మీద ఎగురుతూ పిలిచింది. పాలు చేపుకొచ్చాయి. తాగే నోరు లేదు.

తెల్లవారుజామున ఒక కుందేలు పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఆ పుట్ట పక్కన నీ పిల్ల ఏడుస్తోంది!"

సన్నరెక్క రివ్వున వెళ్ళింది. అదే నలుపు, అంతే పిల్ల. కానీ అది కీచుమనగానే తల్లి ఆగిపోయింది. "ఇది నల్లపూస గొంతు కాదు," అంది.

అయినా పాలిచ్చింది. పిల్ల కడుపునిండా తాగి, రొమ్మును కరచుకుని నిద్రపోయింది.

"నీకు పిల్ల లేదు, దానికి తల్లి లేదు. ఉంచేసుకో అక్కా, అడిగేదెవరు?" అంది వెంటే వచ్చిన కుందేలు.

సన్నరెక్క ఆ వెచ్చని పిల్లను రెక్కల్లోకి మరింత దగ్గరగా తీసుకుంది. చివరకు, "నాలాగే దీని తల్లీ ఎక్కడో పిలుస్తూ ఉంటుంది తమ్ముడూ," అంటూ పిల్లతో ఎగిరింది.

చెదిరిన గుంపును వెతుక్కుంటూ చండ్రచెట్టుకు వెళ్ళింది. "ఆ గొంతు మేమెరగం," అన్నారు అక్కడి తల్లులు. రేలచెట్టుకు వెళ్ళింది. "దీని తల్లి మంటల్లో పోయుంటుందే. నువ్వే పెంచుకో," అంది ఓ ముసలి గబ్బిలం. ఆ మాట ఎంత తీయగా వినిపించిందో! అయినా రెక్కలు కూడదీసుకుని మోదుగచెట్టుకు వెళ్ళింది.

వాలకముందే పిల్ల కీచుమంది. "నా బంగారమే!" అంటూ ఒక తల్లి ఎదురొచ్చి దాన్ని పొదువుకుంది.

సన్నరెక్క రొమ్ము చల్లబడింది. వెనుదిరిగింది.

"ఆగక్కా," అంది ఆ తల్లి తలవంచుకుని. "పొగలో నా బిడ్డే అనుకుని ఒకదాన్ని ఎత్తుకొచ్చాను. గొంతు వినగానే నాది కాదని తెలిసింది. కానీ వదులుకోలేక దాచుకున్నాను. నువ్వు నాలా చేయలేదు."

తొర్రలోంచి సన్నగా ఒక పిలుపు వినబడింది. అది ఎవరిదో సన్నరెక్కకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కడుపుకోత ఎరిగినవారు దాన్ని మరొకరికి పెట్టరాదు. మన వెలితిని పరుల సొత్తుతో పూడ్చుకోరాదు.