చెదరని ముక్క

నాంచారయ్యకు పాగా కావాలి.

కొల్లేటి ఒడ్డున కాలవగట్టు మీద గుడిసె వేసుకుని ఉండే బుడన్ షా బాబాకు అతను శిష్యుడై ఏడాది దాటింది. ఆ ఏడాదిలోనే బాబా పాడే తత్వాలన్నీ నోటికి పట్టేశాడు. ఇక వీడూ నలుగురికి తత్వం చెప్పొచ్చని బాబా అనుకున్ననాడు, శిష్యుడి తలకు తన చేత్తో తెల్ల పాగా చుడతాడు. నాంచారయ్య అంతదాకా ఆగలేదు. గురువారం గురువారం తన అరుగు మీద జనాన్ని కూర్చోబెట్టి చెప్పడం మొదలెట్టేశాడు. పాగా బట్ట కూడా తనే కొని తెచ్చుకున్నాడు, సన్నటి మల్లుగుడ్డ, ఐదు గజాలు.

"ఎప్పుడు కడతారు బాబా?"

"ఉరుసు రానీ. ముందు చేపలు పట్రా."

బాబా గురువుగారి వర్ధంతికి జరిగే ఉరుసు నాడు వచ్చినవాళ్ళందరికీ అక్కడ చేపల పులుసు పెడతారు. ఏటా ఒక శిష్యుడి చెరువు నుంచి చేపలు వస్తాయి. ఈసారి వంతు నాంచారయ్యది.

అతని చెరువు గొప్ప చుట్టుపక్కల అందరికీ తెలుసు, అతనే చెప్పాడు కాబట్టి. మిగతావాళ్ళ శీలావతి చేపలు ఏడాదికి కిలో తూగితే తనవి పది నెలలకే రెండు కిలోలు. చెరువులో గెడలు పాతి, వాటికి తవుడు సంచులు కట్టి, ఏ సంచీ ఖాళీ కాకుండా చూసుకునేవాడు. ఉరుసు పొద్దున బండిలోంచి దించుతుంటే చేపలు నిగనిగలాడుతూ పసిపిల్లల్లా బొద్దుగా ఉన్నాయి. జనం నోళ్ళు తెరిచారు. నాంచారయ్య ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

ఉరుసు వంట ముప్ఫై ఏళ్ళుగా మహబూబ్బీదే. పులుసులో చేప పడ్డాక ఆవిడ గరిటె ముట్టుకోదు. గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని అలా ఓ తిప్పు తిప్పుతుంది, అంతే. ఆ రోజూ అలాగే తిప్పింది. కాసేపటికి మూత తీసి కేకేసింది.

"ఒరే నాంచారూ! ముక్కలేవిరా?"

ముక్కల్లేవు. అంతా మెత్తగా విడిపోయి పులుసులో కలిసిపోయింది.

"గరిటె గానీ పెట్టావా పిన్నీ?"

"నేనా? గరిటెనా?" అని ఆవిడ చూసిన చూపుకి నాంచారయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

పంక్తిలో అందరూ తలలు వంచుకుని ముళ్ళు ఏరుకుంటూ తిన్నారు. అతని అక్క మొగుడు అంకాలు మాత్రం ఊరుకోలేదు. "పళ్ళూడినవాళ్ళంటే మా బామ్మర్దికి ఎంత జాలో చూడండి!" అన్నాడు. పంక్తి పంక్తంతా పకపకమంది.

బాబా ముళ్ళన్నీ విస్తరి అంచున వరసగా పేర్చాడు. "ముళ్ళన్నీ ఉన్నాయి. చేపే ఎటో వెళ్ళిపోయింది" అన్నాడు. తర్వాత నాంచారయ్య పాగా కోసం తెచ్చిన మల్లుగుడ్డ తీసి మహబూబ్బీ ఒళ్ళో పెట్టాడు. "వంటింట్లో ఉంచు. పనికొస్తుంది."

నాంచారయ్యకు ఏడుపొచ్చింది. పాగా పోయినందుకు కొంత, బావ నవ్వినందుకు ఇంకా ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే బాబా అతని చెరువుకు వచ్చాడు.

"నేనేం తక్కువ చేశాను బాబా? కడుపునిండా పెట్టాను."

"పెట్టావు. చేపకు ఆకలేస్తే ఎంత దూరం పోవాలి?"

"ఎంతో దూరం అక్కర్లేదండి. పక్కనే సంచి. మూతి తిప్పితే చాలు."

బాబా గట్టు మీద కూర్చున్నాడు. "గురువారం నీ అరుగు మీదికి ఎవరెవరొస్తారు?"

"అందరూ మనవాళ్ళే. నేను నోరు తెరిస్తే ఆహా అంటారు."

"అంకాలు?"

"వాణ్ణి రావద్దన్నానండి. ప్రతిదానికీ అడ్డం తిరుగుతాడు. వాడొస్తే నాకు మాటే సాగదు."

బాబా లేచి, పంచె ఎగ్గట్టి, కాలవ వైపున్న తూము పలకను రెండు చేతులా పట్టి పైకి లాగాడు. వల బిగించిన తూములోంచి కాలవ నీళ్ళు ఒక్కసారిగా చెరువులోకి దూకాయి.

తవుడు సంచుల చుట్టూ మూగిన శీలావతులు ఒకటొకటిగా మళ్ళాయి. తిండి వదిలేసి, వచ్చే నీళ్ళకు ఎదురు తలలు పెట్టాయి. బరువుకు ఆయాసపడుతూ, వెనక్కి కొట్టుకుపోతూ, మళ్ళీ ముందుకొస్తూ ఈదాయి.

"వాటికి ఎవరు చెప్పారు?" అన్నాడు బాబా. కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయాడు.

నాంచారయ్య చాలాసేపు ఆ నీళ్ళ దగ్గరే నిలబడ్డాడు. తర్వాత ఇంటికి పోకుండా తిన్నగా అంకాలు ఇంటికి వెళ్ళాడు.

"బావా, గురువారం మా అరుగు మీదికి రావాలి."

"వస్తే నోరు మూసుకు కూర్చోను మరి."

"మూసుకుంటే రావద్దు" అన్నాడు నాంచారయ్య.

ఆ ఏడాదంతా రోజూ తూము పలక లేచింది. సంచులు సగానికి తగ్గాయి. గురువారం గురువారం అంకాలు వచ్చాడు. "ఈ ఒళ్ళు పంజరం, లోపలున్నది చిలక" అని నాంచారయ్య చెబితే, "తాళం ఎవరి దగ్గరుంది?" అన్నాడు. దానికి జవాబు వెతుక్కోడానికి నాంచారయ్యకు మూడు వారాలు పట్టింది. ఆ జవాబు కూడా అంకాలుకు నచ్చలేదు. ఆహా అనేవాళ్ళు సగం మంది మానేశారు. మిగిలినవాళ్ళు మాత్రం చీకటి పడుతున్నా లేచేవాళ్ళు కాదు.

మళ్ళీ ఉరుసు వచ్చింది. ఆ ఏడు చేపలిచ్చే శిష్యుడి చెరువుకు గండి పడితే, నాంచారయ్య చెరువునుంచే తెచ్చారు. కిలోంబావు తూగాయి. ఎవరూ నోళ్ళు తెరవలేదు.

మహబూబ్బీకి చేయి బెణికింది. నాంచారయ్యే అక్కడున్న మసిగుడ్డ అందుకుని, గిన్నె చెవులు పట్టి తిప్పాడు. మూత తీశాడు. ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మహబూబ్బీ ఒకటి తీసి వేలితో నొక్కింది. లొంగలేదు. "ఇదీ చేపంటే!" అని గట్టిగా నవ్వింది.

అంకాలు రుచి చూశాడు. బాగా నమిలాడు. అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైంది."

నాంచారయ్య ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకాడు.

"నిజమే బావా" అని ఉప్పు డబ్బా కోసం వెతికాడు.

అప్పుడు బాబా వచ్చి, అతని భుజం మీదున్న మసిగుడ్డ లాగాడు. ఐదు గజాలు. ఏడాదిపాటు పసుపూ చింతపండూ మసీ పట్టి, అది ఏ రంగు గుడ్డో ఎవరూ చెప్పలేరు. బాబా దాన్ని విదిలించి అతని తల చుట్టూ చుట్టడం మొదలుపెట్టాడు.

"బాబా, బాబా! అది మసిగుడ్డండీ!" అన్నాడు అంకాలు.

"తెలుసు" అన్నాడు బాబా, ముడి బిగిస్తూ.