మట్టి లేని వరుస

పైడికొండ మహారాజు మణికేతుడికి కోరిక పుట్టిందంటే ఇక ఆగేది కాదు. అన్నం మధ్యలో పుడితే చెయ్యి కడుక్కుని లేచేవాడు. స్నానం మధ్యలో పుడితే తడిబట్టలతోనే బయల్దేరేవాడు. ఆ ఏటి చేతిపనుల సంతలో, సరిగ్గా నగల అంగళ్ల ముందు, ఒకటి పుట్టింది.

"బంగారపు ముద్ద నా కళ్లముందే కరగాలి. నా కళ్లముందే వంకీ కావాలి. పొద్దుగుంకేలోగా రాణిగారి చేతికి ఎక్కాలి!"

వెనకాల గొడుగు పట్టుకున్న గవరయ్య నిట్టూర్చాడు. పాపం, పదేళ్లుగా రాజుగారి నెత్తిన నీడ, అతని నెత్తిన ఎండ. పని గొడుగు పట్టడమే గానీ, అతని నోటికి మంత్రులు కూడా జంకేవారు.

"ఆ పని నాకు కాక ఇంకెవరికి చేతనవుతుంది ప్రభూ!" అంటూ ఆస్థాన స్వర్ణకారుడు భోగలింగం ముందుకొచ్చాడు. పనితనం గొప్పదే, కాదనలేం. గర్వం మాత్రం దానికి రెండింతలు. పది వేళ్లకీ పన్నెండు ఉంగరాలు!

"ఒక్కటే మనవి. నా అంగడి పక్కన ఆ కుండలేమిటి ప్రభూ? బంగారం పక్కన మట్టి ఉంటే నా చెయ్యి ఆడదు."

పక్క అంగడి ఎర్రక్కది. ఏళ్ల తరబడి సంత చివర, గాడిదల దొడ్డి దగ్గర కుండలమ్మిన మనిషి. ఈ ఏడు చీట్లు వేస్తే అదృష్టం కలిసొచ్చి మొదటి వరుసలో చోటు దొరికింది. కూజాలు, జాడీలు, ఊదితే కూసే మట్టిపిట్టలు ముచ్చటగా పేర్చుకుంది. రాణిగారు అప్పటికే ఒక పిట్టను చేతిలోకి తీసుకుని మురిసిపోతోంది.

రాజుగారి ధ్యాసంతా వంకీ మీదే. "సరే, సరే! ఈ వరుసలో మట్టితో చేసింది ఒక్కటి కూడా ఉండకూడదు. గవరయ్యా, గొడుగు ఎవరికన్నా ఇచ్చి ఆ పని నువ్వే చూడు" అనేశాడు.

రాణిగారు గుట్టుచప్పుడు కాకుండా పిట్టను కొంగులో దాచేసింది.

ఎర్రక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యా, మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకుని ఇవన్నీ ఆవంలో కాల్చాను. సంత ఇవాళొక్క రోజే. మళ్లీ ఆ దొడ్డి దగ్గరికి పోతే నా కుండలు ఎవరు కొంటారు? గాడిదలా?"

గవరయ్య దిక్కుతోచక భోగలింగం అంగడిలోకి చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయి, మెల్లిగా మీసం దువ్వాడు.

"అక్కా, నీ సరుకు వీధికి అటుపక్కన పెట్టుకో. దూరం మాత్రం పోకు" అన్నాడు.

ఎర్రక్క అంగడి ఖాళీ అయింది. అప్పుడు గవరయ్య భటులతో సహా భోగలింగం అంగట్లో దూరాడు.

"ఆ మంచినీళ్ల కూజా ఎత్తండ్రా!"

"పట్టుకుపో, పట్టుకుపో. వెండి చెంబుతో తాగుతాను" అన్నాడు భోగలింగం దర్జాగా.

"ఆ సాంబ్రాణి పాత్ర కూడా!"

"నిక్షేపంగా!"

"ఆ కుంపటి!"

"ఒరే, ఒరే! అందులో నిప్పు చేస్తేనే కదా పని!"

"మట్టిదే కదండీ? రాజాజ్ఞ!"

కుంపటి వెళ్లిపోయింది. గవరయ్య మూలనున్న గుడ్డమూట విప్పాడు. అందులో బంగారం కరిగించే చిన్న చిన్న మట్టి గిన్నెలు, అవేనండీ, మూసలు. మూట భుజాన వేసుకున్నాడో లేదో, భోగలింగం ఒక్క గెంతు గెంతి అతని పంచె పట్టుకున్నాడు.

"అవి లేకపోతే నేనెలా చచ్చేదిరా!"

అటు రాజుగారికి ఓపిక చచ్చింది. "ఏమయ్యా, ఇంకా మొదలే పెట్టలేదా?"

భోగలింగం చేతిలో బంగారపు ముద్ద. కింద నిప్పు లేదు, పోసేందుకు గిన్నె లేదు. "మూస... మూస కావాలి ప్రభూ" అని నసిగాడు.

గవరయ్య చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు:

"మట్టి మూస తమకేం ఖర్మండీ? మహారాజుగారి బంగారు గిన్నె ఇప్పిస్తాను, అందులో కరిగించండి!"

"గిన్నె కూడా కరిగిపోతుంది కదరా!" అని అరిచాడు భోగలింగం. అరిచాక గానీ తానేమన్నాడో తెలిసిరాలేదు.

"విన్నారా ప్రభూ? బంగారం కరిగిపోయే నిప్పులో కరక్కుండా నిలబడేది ఏదో, ఆయనే సెలవిచ్చారు."

వీధి అవతల నుంచి ఎర్రక్క గొంతు ఖంగున మోగింది. "ఆ మూసల అడుగున చూడండయ్యా, బొటనవేలి ముద్ర నాదే! ఏటేటా ఆయన పనివాళ్లు గంపతో మోసుకుపోయేది నా దగ్గర్నుంచే!"

రాజుగారు ఒక మూస తిరగేసి చూశాడు. ముద్ర ఉంది! ఇక చూస్కోండి, పొట్ట పట్టుకుని నవ్వాడు. భటులు నవ్వారు. రాణిగారు నవ్వాపుకోలేక కొంగులోంచి మట్టిపిట్ట తీసి కూయించింది. సంత సంతంతా ఘొల్లుమంది.

"ఎర్రక్క చోటు ఎర్రక్కదే. ఏటేటా ఆ చోటే! భోగలింగం, వెళ్లి ఎర్రక్కని మూస నువ్వే అడిగి తెచ్చుకో" అన్నాడు రాజుగారు.

భోగలింగం తలొంచుకుని వీధి దాటాడు. "ఒక మూస ఇప్పించు తల్లీ." ఆవిడ ఇచ్చింది. అలవాటు కొద్దీ వేలితో కొట్టి చూశాడు. ఖణేల్‌మంది.

"గవరయ్యా, ఇంద నా శాలువా" అంటూ రాజుగారు అతని భుజాన కప్పి, గొడుగు తన చేతుల్లోకి తీసుకుని గవరయ్య నెత్తిన పట్టాడు. "పదేళ్ల ఎండకి ఈ పూటన్నా నీడ!"

ఆ నీడలో నిలబడి, మూసతో తిరిగొస్తున్న భోగలింగాన్ని గవరయ్య నోరారా పలకరించాడు:

"ఏమండీ, ఇప్పుడు చెయ్యి ఆడుతుందా?"