పెంచల నిమ్మచెట్టు, దూదికుచ్చుల పురుగు

అనగనగా గూడూరు పక్కన ఓ పల్లె. ఆ పల్లెలో వెంగమ్మ అని ఒకావిడ. ఆవిడకి పెరట్లో ఒక నిమ్మచెట్టు, ఇంట్లో పెంచల అని ఒక్కగానొక్క కూతురు. పెంచల వేవిళ్ళతో పుట్టింటికొచ్చింది. అన్నం తింటే వాంతి, పాలు తాగితే వాంతి, ఆఖరికి మంచినీళ్ళు తాగినా వాంతే. ఆ చెట్టు నిమ్మకాయ పిండి, ఇంత ఉప్పేసి కలిపితే మాత్రం నాలుగు ముద్దలు కడుపులో నిలిచేవి.

సరిగ్గా అప్పుడే ఆ చెట్టుకి పిండినల్లి పట్టింది. అంటే తెల్లగా పిండి చల్లినట్టుండే పురుగులు, చిన్నీ. అవి రసం పీల్చేస్తుంటే పిందెలు రాలిపోతున్నాయి.

"మందు కొట్టు వెంగమ్మా" అన్నారు పక్కవాళ్ళు.

"కడుపుతో ఉన్న పిల్ల తినే కాయ మీద విషం ఎట్టా కొట్టేది?" అంది వెంగమ్మ.

సంతలో కొనుక్కోవచ్చుగా అంటావా? నీకన్నా ముందే కొన్నదిలే ఆవిడ. ఆ కాయల వాసనకే పిల్ల మూతి తిప్పుకుంది. మహా పెంకిది, అచ్చం నీలాగే.

అప్పుడు వెంగమ్మ సబ్బునీళ్ళు కొట్టింది. పురుగులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. ఆ తర్వాత వేపనూనె కొట్టింది. మళ్ళీ వచ్చాయి. మూడోసారి దగ్గరికెళ్ళి చూస్తే, వాటి మధ్య ఇంకా పెద్దవి కనిపించాయి, ఒంటినిండా దూదికుచ్చులతో. "ఓహో, వీటి తల్లులు మీరేనా!" అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏరి ఏరి నలిపేసింది, పిచ్చి తల్లి. వారం తిరక్కముందే పిండినల్లి రెట్టింపయింది.

ఆ తర్వాత ఒకనాడు పెంచల నీరసంగా చెట్టుకింద మంచం మీద పడుకుని పైకి చూస్తోంది. వెంగమ్మ ఇంకో కుచ్చుల పురుగును నలపబోయింది.

"ఆగమ్మా! అది నల్లిని తింటా ఉండాది, చూడు!"

వెంగమ్మ చూసింది. నిజమే. అది పిండినల్లి కాదు, నల్లిని తిని బతికే అక్షింతల పురుగు పిల్ల.

"అయ్యో, నా బిడ్డకి మేలు చేసేవాళ్ళని నేనే చంపానే!" అని కుమిలిపోయింది.

వెతికితే మూడంటే మూడు మిగిలాయి. అప్పుడు సబ్బునీళ్ళూ వేపనూనే మానేసింది. నల్లి కార్చే తీపి కోసం దానికి కాపలా కాసే చీమలు ఎక్కకుండా చెట్టు మొదలుకి గ్రీజు గుడ్డ చుట్టింది. రోజూ పొద్దున్నే వెళ్ళి "తిన్నారా తల్లీ?" అని ఆ మూడింటినీ పలకరించేది. పిల్లకేమో చెంచాతో గంజి పోసి నెట్టుకొచ్చింది. అవి తిని పెద్దవయ్యాయి, గుడ్లు పెట్టాయి, వాటి పిల్లలూ తిన్నాయి. మెల్లగా చెట్టు తేటపడింది, కాయ నిలిచింది.

అప్పుడు మొదటి కాయ కోసి, రసం పిండి, అన్నం కలిపి పెట్టింది. పెంచల నాలుగు ముద్దలు తిని, "ఇంకో ముద్ద పెట్టమ్మా" అంది. ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్ళ నుంచి కాచుకుందో తల్లి! కళ్ళు తుడుచుకుంటూ గిన్నెలో అన్నమంతా కలిపి పెట్టేసింది. తనకి మిగిలిందో లేదో చూసుకోనే లేదు.

పెంచలకి కడుపు నిండింది,
కథ కంచి బాట పట్టింది,
మా చిన్నికి నిద్దర పట్టింది.