పిండిమర పక్కన రాయబారం

మాణిక్యాంబ భాగవతారిణి గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. పాలకొల్లులో ఆవిడ దగ్గర హరికథ నేర్చుకున్నవాళ్ళంతా ఈ బాధ పడ్డవాళ్ళే.

నలభై ఏడేళ్ళ త్రిమూర్తులు ఆ వేళ ఆస్పత్రి నుంచి తిన్నగా గురువమ్మ ఇంటికే వచ్చాడు. వాళ్ళ నాన్నా హరిదాసే. గజ్జె కట్టిన కాలు షుగరుకి బలైపోయి, మళ్ళీ వేదిక ఎక్కకుండానే కన్నుమూశాడు. ఆ భయం త్రిమూర్తుల్ని ఏనాడూ వదల్లేదు. అయినా ఆ రోజు మహా హుషారుగా ఉన్నాడు.

"అమ్మా, షుగరు అంచు మీదుందిట. కానీ ఇన్సులిను మాత్రం మామూలు మనిషికంటే ఎక్కువే ఊరుతోందన్నారు డాక్టరు గారు. అంటే నాకు లోపల సత్తువ దండిగా ఉన్నట్టేగా? ఆయనేమో, ఒంట్లో వాపుంది, ముందు ఆ చిగుళ్ళు బాగుచేయించుకో, పొట్ట తగ్గించు అంటారు. చిగుళ్ళు వాస్తే షుగరుకేం? బోడిగుండుకీ మోకాలికీ ముడెయ్యడం కాదూ?"

మాణిక్యాంబ గారు తమలపాకు ఈనె తీస్తూ, "చిడతలు తీసుకుని ఆ పక్క అరుగు మీదికి పోరా. రాయబారం ఘట్టం ఎత్తుకో" అన్నారు.

ఆ అరుగుని ఆనుకునే వీర్రాజు పిండిమర. మర తిరుగుతుంటే ఆ హోరుకి అరుగు మీద పిల్లి కూడా పడుకోదు. పిండి పట్టించుకోడానికి వచ్చిన ఆడవాళ్ళు, ఊరికే వస్తున్న కథ కదా అని ఎదురుగా కూర్చున్నారు. త్రిమూర్తులు పద్యం అందుకున్నాడు.

"వినబడ్డం లేదయ్యా దాసుగారూ!" అంది ఒకావిడ.

గొంతు పెంచాడు. "ఊహూఁ" అని తలూపింది ఇంకొకావిడ. దాంతో అతనికి రోషం పుట్టుకొచ్చింది. మెడనరాలు ఉబ్బేలా పైస్థాయి పట్టుకుని, "ఎలా ఉందమ్మా నా గొంతు? వీధి దద్దరిల్లిపోవడం లేదూ!" అని లోపలికి కేకేశాడు. వాపుని చూసి బలుపనుకోవడమని పెద్దలు ఊరికే అన్నారా?

"దద్దరిల్లుతోంది. కానీయ్" అన్నారావిడ తాపీగా.

ఇంకో పద్యం సగంలో ఉండగా గొంతు జీరపోయింది. మళ్ళీ ఎత్తబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతే బతుకుతెరువైన మనిషి, హడలిపోయాడు.

అప్పుడు లేచొచ్చారు మాణిక్యాంబ గారు. "వీర్రాజూ, కాసేపు మర ఆపు నాయనా."

మర ఆగింది. "ఇప్పుడు చెప్పు. అరవకు" అన్నారు శిష్యుడితో.

మిగిలిన ఆ పీలగొంతుతోనే పద్యం మెల్లిగా చెప్పాడు. అందరికంటే వెనక కూర్చున్న ముసలావిడ, "ఆహా, ఎంత బాగుందో! ఇందాకటినుంచీ ఇలా చెప్పకూడదుటయ్యా?" అంది.

త్రిమూర్తులికి ఒళ్ళు మండబోయి చప్పున చల్లారిపోయింది. ఒంట్లో వాపు హోరులో తన ఇన్సులినూ ఇలాగే గొంతు చించుకుంటోందన్నమాట! చెయ్యి దానంతటదే చిగుళ్ళు వాచిన దవడ మీదికి పోయింది. నాన్న కాలు కళ్ళముందు మెదిలి ఏడుపొచ్చినంత పనైంది.

"అమ్మా, నా గొంతు మళ్ళీ వస్తుందంటారా?"

"ఎందుకు రాదురా? మర ఇవాళే ఆపాంగా! ఏళ్ళ తరబడి ఇలాగే అరిచి ఉంటే మాత్రం, ఆ మాట నన్నడక్కు."