ఊరికో కారు

గుమ్మళ్ళ సంస్థానం రాజావారు సోమశేఖర బహద్దరు గారికి కార్ల పిచ్చి. పిచ్చంటే ఏదో సరదా అనుకునేరు. అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కారు కింద దూరి చూసే పిచ్చి. నాలుగు కార్లు తెప్పించారు, నలుగురు డ్రైవర్లను పెట్టారు, కోట వెనక మైదానం చదును చేయించి ఏటా కార్ల పందెం మొదలెట్టారు. అంతా బాగానే ఉంది గానీ, చూడ్డానికి జనం రారు.

మొదటి ఏడు ఒకడొచ్చాడు. వాడు తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ వచ్చాడు. అది అక్కడ లేకపోయేసరికి వెళ్ళిపోయాడు. రెండో ఏడు వాడూ రాలేదు. గేదె దొరికింది కాబోలు.

మూడో ఏడు పందేనికి పొరుగు సంస్థానం రాజావారు చూడ్డానికొస్తానని కబురు పెట్టారు. మన రాజావారికి నిద్ర కరువైంది. ఖాళీ మైదానం చూపిస్తే ఇంకేమన్నా ఉందా, పరువు గంగలో కలిసిపోదూ! సభ పిలిచి, ఈసారి జనాన్ని రప్పించే మొనగాడెవరని అడిగారు.

దివాన్ పురుషోత్తమరావు గారు లేచారు. తన కోడి కూయకపోతే తెల్లారదనుకునే రకం. రెండేళ్ళుగా ఊరూరా దండోరా వేయించింది ఆయనే. ఈసారి రెట్టింపు డప్పులు కొట్టిస్తానని, జనం ఎందుకు రారో చూస్తానని మీసం దువ్వారు.

పక్కనే రాజావారికి తాంబూలం చుడుతున్న పైడయ్య దగ్గాడు. వాడిది చిన్న కొలువే గానీ నోరు మాత్రం పెద్దది. గుమ్మళ్ళ సంస్థానంలో దండోరా వేసేది రెండే రెండు పనులకి: శిస్తు కట్టమనడానికి, వెట్టికి రమ్మనడానికి. డప్పు వినబడితే చాలు, ఊళ్ళో మగాళ్ళంతా కొండెక్కేస్తారు. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు, చెప్పేవాడే లేడు.

"రెట్టింపు డప్పులు కొట్టిస్తే ఆడోళ్ళు కూడా ఎక్కేస్తారు బాబూ" అన్నాడు పైడయ్య.

సభంతా కిసుక్కుమంది. దివాన్ గారి ముఖం కందగడ్డయింది. అయితే జనాన్ని వీడే తెస్తాడని, మైదానం నిండకపోతే ఆ సాయంత్రమే పెళ్ళాం బిడ్డల్తో సంస్థానం పొలిమేర దాటాలని అక్కడికక్కడే తేల్చేశారు. దిగులు మీదున్న రాజావారు సరే అనేశారు.

ముగ్గురు పిల్లలు, కోట ఇచ్చిన ఇల్లు తప్ప పైడయ్యకింకేం లేదు. కానీ అన్న మాట వెనక్కి రాదు గదా. పందేనికి ముందు ఎనిమిది రోజులు నాలుగు కార్లనీ నాలుగు ఊళ్ళలో ఉంచమని, అంతకుమించి ఏమీ వద్దని అడిగాడు. రాజావారు కూతుర్ని కాపరానికి పంపుతున్నట్టు కళ్ళొత్తుకుని పంపారు.

పైడయ్య ఊరికో కారు అప్పజెప్పాడు. ఇది మీ ఊరి పేరు మీద పరిగెడుతుంది, ఎనిమిది రోజులు మీరే చూసుకోవాలి అన్నాడు. వెళ్ళబోతూ చెప్పులేసుకుంటూ, మీ కారు ఆఖర్నొస్తుందని పక్కూరోళ్ళు చెప్పుకుంటున్నారర్రా అని ఓ మాట వదిలాడు. నాలుగు ఊళ్ళలోనూ అదే మాట. అంతే, ఇంకేం చేయలేదు.

ఎప్పుడో ఎడ్ల పందెంలో తగువొచ్చి, ఒకరి పొయ్యికి ఒకరు నిప్పు కూడా ఇచ్చుకోని ఊళ్ళవి. చింతలపేట వాళ్ళు కారుని కుంకుడురసంతో తోమి, బొట్టు పెట్టి, దిష్టికి మిరపకాయలు కట్టారు. నడుపూరు వాళ్ళు రాత్రింబవళ్ళు కర్రలతో కాపలా కాశారు. మెట్టవలస వాళ్ళు పందెపు ఎడ్లకి పెట్టినట్టే, రోజూ కారు ముందు తొట్టెడు ఉడకబెట్టిన ఉలవలు పెట్టారు. తెల్లారేసరికి తొట్టి ఖాళీ. కారుతో వచ్చిన డ్రైవరు మాత్రం ఎనిమిది రోజుల్లో కొంచెం ఒళ్ళు చేశాడు.

పందెం రోజు పొద్దు పొడవక ముందే మైదానం నిండిపోయింది. అంబలి కుండలతో, చంటిపిల్లలతో, మంచాన పడ్డ ముసలాళ్ళని కావిళ్ళలో మోసుకుని మరీ వచ్చారు. చోటు చాలక ప్రహరీలెక్కారు. పొరుగు రాజావారు నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు.

దివాన్ గారికి ఒళ్ళు మండిపోయింది. కార్లు బయటికి రాగానే మెట్టవలస జనం "మా బండి, మా బండి" అని గోల పెట్టారు. ఇదే అదనుగా ఆయన రాజావారి చెవిలో ఊదారు. తమరి సొత్తుని పైడయ్య నాలుగు ఊళ్ళకి పంచిపెట్టేశాడని, ఇవాళ కారు మాదన్నవాళ్ళు రేపు కోట మాదంటారని, జనం వస్తే వచ్చారు గానీ వీణ్ణి మాత్రం ఈ పూటే వెళ్ళగొట్టాలని.

రాజావారి ముఖం మారిపోయింది. ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకునే కార్లాయె. పైడయ్యని పిలిపించారు. వచ్చి నిలబడ్డాడు.

"ఏరా, ఆ కార్లు ఎవరివి?"

"తవరివే మహాప్రభూ."

"మరి వాళ్ళు మావంటున్నారేం?"

పైడయ్య జనం వైపు ఒకసారి చూసి, చేతులు కట్టుకుని అన్నాడు:

"తవరివిగా ఉన్న రెండేళ్ళూ చూడ్డానికి తవరొక్కరే వచ్చారు మహాప్రభూ."

ముందు నవ్వింది పొరుగు రాజావారు, పొట్ట పట్టుకుని. ఆ వెంటనే మన రాజావారు కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వి, భుజాన ఉన్న శాలువా తీసి పైడయ్యకి కప్పారు. ఇల్లు వాడికే రాసిచ్చి, ఇకమీదట పందెం కబుర్లన్నీ వాడి నోటే వెళ్ళాలని అందరి ముందూ చెప్పారు.

అందరూ నవ్వుతున్నారు కాబట్టి దివాన్ గారు కూడా నవ్వారు.