పిలవలేని పేరు

అనగనగా ఒక కంచరుల ఊరు. ఆ ఊళ్ళో తెల్లారిందంటే ఇంటింటా సుత్తి దెబ్బలే. ఖణ్, ఖణ్, ఖణ్. ఇటు కంచు చెంబులు, అటు కంచు గిన్నెలు. ఆ మోతలో ఎవర్నైనా పిలవాలంటే గొంతెత్తి, పేరు పెట్టి కేకెయ్యాల్సిందే. ఊఁ కొడుతున్నావా, బంగారూ?

ఆ ఊళ్ళో వరహాలు అని ఒక కోడలు ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల. పెళ్ళయిన మూడేళ్ళకి ఆమెకి కొడుకు పుట్టాడు. అప్పుడు మొదలైంది పేరు గొడవ.

వరహాలు అత్తగారు అప్పలమ్మకి కిందటేడే మొగుడు పోయాడు. ఆయన పేరు సన్యాసి. ఆ పేరే మనవడికి పెట్టాలని ఆవిడ పంతం. వరహాలు తల్లి గంగమ్మేమో, కాదు, మా నాన్న పేరే పెట్టాలంది. ఇద్దరూ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

మొదటిసారి బారసాల పెట్టుకుంటే గంగమ్మ అలిగి వెళ్ళిపోయింది. రెండోసారి పెట్టుకుంటే అప్పలమ్మ అన్నం మానేసింది. మూడోసారి, పేరు రాసే బియ్యం పళ్ళేన్ని చెరో అంచూ పట్టుకు లాగితే బియ్యమంతా నేలపాలైంది. చివరికి అప్పలమ్మే గెలిచింది. పిల్లాడు సన్యాసి అయ్యాడు.

ఆ రోజుల్లో ఒక కట్టడి ఉండేదమ్మా. మొగుడి పేరూ, మావగారి పేరూ ఆడవాళ్ళ నోట రాకూడదు. వస్తే పాపం అనేవారు. పోయినవాళ్ళ పేరైనా అంతే. చూశావా మరి ఆ పెద్దవాళ్ళ తెలివి!

వరహాలు ఒక్కసారే, మెల్లిగా అడిగింది. "అత్తా, నేను పిలవనేని పేరు నా బిడ్డకెందుకు?"

"పేరెట్టేది పిలవడానికి కాదే, నిలపడానికి" అంది అప్పలమ్మ.

ఆ తర్వాత ఆ ఇంట్లో వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. తల్లి బాబూ అనేది. నాయనమ్మా బాబూ అనేది. తండ్రికి తన తండ్రి పేరు నోరారా అనడానికి బెరుకు, ఆయనా బాబూ అనేవాడు. సన్యాసీ అని పిలిచేది వీధిలో పిల్లలు మాత్రమే. ఆ పిలుపుకి మాత్రం వాడు ఎంత ఆటలో ఉన్నా చటుక్కున తిరిగేవాడు.

వాడికి నాలుగేళ్ళు నిండాయి. ఆ ఏడు వానలు ఎక్కువ. కంచు అచ్చుల కోసం మట్టి తవ్విన గుంట నిండా నీళ్ళు నిలిచాయి. ఒక రోజు పొద్దున్నే అత్తా కోడలూ ఈవలి గట్టున బట్టలు ఉతుకుతున్నారు. ఆవలి గట్టున పిల్లలు ఆడుకుంటున్నారు. వాడు నీళ్ళకేసి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"బాబూ!" అని వరహాలు అరిచింది. ఆ గట్టు మీద అందరూ బాబులే. ఇద్దరు పిల్లలు తిరిగి చూశారు. వాడు చూడలేదు.

"నాయనా! నాయనా!" అని అప్పలమ్మ అరిచింది. వాడు చూడలేదు.

అప్పుడు ఇద్దరూ చప్పట్లు కొడుతూ పరిగెత్తారు. ఆ చప్పట్లు సుత్తుల మోతలో కలిసిపోయాయి. వాళ్ళు చేరేసరికి గట్టు మీద వాడు లేడు.

పేరు ఇద్దరి గొంతులోకీ వచ్చింది తల్లీ. పెదవి దాటలేదు. పుట్టినప్పటినుంచీ నేర్పిన భయం అంత గట్టిది.

వాడు పోయాక ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అత్త వండేది, కోడలు తినేది కాదు. కోడలు వండేది, అత్త తినేది కాదు.

రెండేళ్ళకి వరహాలుకి ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ బారసాల. మళ్ళీ గంగమ్మ, "అప్పుడు మా నాన్న పేరు కాదన్నారు, ఇప్పుడు మా అమ్మ పేరైనా పెట్టండి" అంది.

అప్పలమ్మ బియ్యంలో రాసే ఉంగరం తీసి కోడలి చేతిలో పెట్టింది. "నువ్వు రాయే. నీ నోటికొచ్చే పేరు రాయి."

"అదేటొదినా, కన్నతల్లే పేరెట్టడం ఎక్కడైనా ఉందా?" అంది గంగమ్మ.

"పిలిచేది ఆ తల్లే కదా ఒదినా. పేరెట్టేది పిలవడానికే" అంది అప్పలమ్మ.

వరహాలు రెండిళ్ళలోనూ ఎవరికీ లేని పేరు రాసింది. తులసి.

ఇక ఆ పేరుని, కిందటిసారి చెప్పలేకపోయిన నాయనమ్మ ఈసారి పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాలి. అప్పలమ్మ ఉయ్యాల మీదికి వంగింది. తులసి, అంది. తులసి, అంది. మూడోసారి తలెత్తింది. ఆ గుంట ఉన్న వైపు చూస్తూ, ఇల్లు అదిరేలా కేకేసింది.

"సన్యాసీ!"

వీధిలో సుత్తులు ఆగిపోయాయి. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. వరహాలు అత్త పక్కన కూలబడింది. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు తనూ పిలిచింది, బతికుండగా ఒక్కసారీ పిలవలేని కొడుకుని. ఇద్దరూ గొంతు పోయేదాకా పిలిచారు. ఆ పిలుపు విని తిరిగి చూడ్డానికి వాడు లేడు.

ఆ తర్వాత తులసి పెద్దదైంది. ఎంత దూరంలో ఆడుకుంటున్నా సరే, పొద్దు వాలితే ఇద్దరూ గుమ్మంలోకొచ్చి పేరు పెట్టి కేకేసేవాళ్ళు. తులసి పలికేదాకా కదిలేవాళ్ళు కాదు.

కథ కంచికి, కంచు మోత కొలిమికి,
పిలిస్తే పలికే పిల్ల ఇంటికి,
నువ్వు నా ఒడికి.